రెగ్యులేటరీ రిపోర్టింగ్ మార్పులకు అధిపతిగా రమ్మంటున్నారు: ఒప్పుకోవచ్చా?

నెలాఖరు_అమ్మాయి (ప్రశ్న):

అందరికీ నమస్కారం. బ్రిటన్‌కు చెందిన ఒక బ్యాంకు హైదరాబాదులో నడుపుతున్న కేంద్రంలో నేను 13 ఏళ్లుగా పనిచేస్తున్నాను. మొదటి ఐదేళ్లు రీకన్సిలియేషన్‌లో, అంటే రెండు చోట్ల ఉన్న లెక్కలను సరిపోల్చే పనిలో గడిచాయి. ఆ తరువాత నుంచి లిక్విడిటీ రిటర్నుల (బ్యాంకు దగ్గర చెల్లింపులకు సొమ్ము ఎంత సిద్ధంగా ఉందో నియంత్రణ సంస్థకు చెప్పే నివేదికల) తయారీలోనే ఉన్నాను. ప్రతి నెలా బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్‌కు చేరవలసిన ఎల్‌సీఆర్ పట్టికలు (ఒత్తిడి వచ్చిన 30 రోజుల్లో బయటకు పోయే సొమ్ముకు సరిపడా ఆస్తులు ఉన్నాయో లేదో చూపే నిష్పత్తి), పీఆర్‌ఏ110 రిటర్ను (రాబోయే నగదు రాకపోకల పట్టిక) మా బృందం చేతుల మీదుగానే వెళతాయి. నెల మొదటి పక్షం వచ్చిందంటే పిల్లల పరీక్షల తేదీలు కూడా మా అత్తగారు గుర్తుచేస్తే తప్ప నాకు గుర్తుండవు.

గత నెలలో మా సంస్థలోనే మరొక విభాగం వారు నన్ను పిలిచి, రెగ్యులేటరీ రిపోర్టింగ్‌లో, అంటే నియంత్రణ సంస్థకు బ్యాంకు పంపే రిటర్నుల్లో, వచ్చే మార్పులన్నింటికీ అధిపతిగా రమ్మని అడిగారు. నియంత్రణ సంస్థ కొత్త నిబంధన తెచ్చినా, ఉన్న పట్టికలో ఒక గడి అర్థం మారినా, బ్యాంకే తన పాత కంప్యూటర్ వ్యవస్థను తీసివేసి కొత్తది పెట్టుకున్నా, రిటర్నుల మీద దాని ప్రభావం ఎంతో తేల్చి, గడువులోగా ఆ మార్పును అమలు చేయించడం ఈ పదవిలోని పని. బృందంలో 22 మంది ఉంటారు. 16 మంది ఇక్కడ, ఆరుగురు లండన్‌లో. ఎదురుగా ఉన్న పెద్ద పని బాసెల్ 3.1, అంటే బ్యాంకులు ఎంత మూలధనం ఉంచుకోవాలో చెప్పే అంతర్జాతీయ నిబంధనల కొత్త విడత. అది 2027 జనవరి 1 నుంచి అక్కడ అమల్లోకి రావలసి ఉంది.

పదవి వివరాలు నాలుగు పేజీలు ఇచ్చారు. రెండుసార్లు చదివాను. సమన్వయం, నాయకత్వం, భాగస్వాములందరి అంగీకారం వంటి మాటలు పుష్కలంగా ఉన్నాయి గాని, ఉదయం కుర్చీలో కూర్చున్న మనిషి ఏం చేయాలో అందులో కనబడలేదు. నా సందేహాలు మూడు. ఒకటి, రిటర్ను తయారుచేయడంలో ఆరితేరిన మనిషికి, దాన్ని మార్చే పని నిజంగా చేతనవుతుందా? రెండు, రిటర్నులో తప్పు దొర్లితే ఆ బాధ్యత బ్రిటన్ చట్టం ప్రకారం ఎవరి మెడకు చుట్టుకుంటుంది? మూడు, ఒప్పుకునే ముందు నేను ఏ ప్రశ్నలు అడగాలి? ఈ పనిలో ఉన్నవారు, ఉండి బయటపడినవారు దయచేసి చెప్పండి.

థేమ్స్‌ఒడ్డు_తెనాలి:

నేను లండన్‌లో ఇటువంటి పదవిలోనే ఏడేళ్లుగా ఉన్నాను. అంతకు ముందు మీలాగే తయారీ వైపు ఉండేవాణ్ని, కాబట్టి మీ మొదటి సందేహం నాకు బాగా అర్థమవుతుంది. రిటర్ను తయారుచేసేవారికి ఏ గడిలో ఏ అంకె రావాలో, అది రాకపోతే ఎవరికి ఫోన్ చేయాలో తెలుస్తుంది. మార్పు వైపు వచ్చాక ఆ గడికి ఆ అర్థం ఎందుకు వచ్చిందో తెలియాలి. నిబంధనలో ఒక వాక్యం మారినప్పుడు ఆ వాక్యాన్ని మన బ్యాంకు ఏ విధంగా అర్థం చేసుకుందో ఎవరో ఒకరు నిర్ణయించి, రాసి, సంతకం పెట్టాలి. ఈ పదవికి అసలైన పని అదే. ప్రాజెక్టు ప్రణాళికలు, వారం వారం నివేదికలు, ఎరుపు పసుపు ఆకుపచ్చ రంగుల పట్టికలు దాని చుట్టూ పెరిగే కలుపు అని నా అభిప్రాయం. అయితే ఆ కలుపు కూడా తప్పదు.

ఒక ఉదాహరణ చూడండి. బ్రిటన్‌లో బ్యాంకు మూతపడితే డిపాజిటరుకు ఎఫ్‌ఎస్‌సీఎస్ (అక్కడి డిపాజిట్ హామీ సంస్థ) చెల్లించే హామీ పరిమితి 2025 డిసెంబరు 1న 85,000 పౌండ్ల నుంచి 1,20,000 పౌండ్లకు పెరిగింది. పత్రికల్లో అది ఖాతాదారులకు శుభవార్త. మీరు తయారుచేసే ఎల్‌సీఆర్ పట్టికలో మాత్రం అది ఒక లెక్క మార్పు. హామీ కిందకు వచ్చి, ఖాతాదారుకు బ్యాంకుతో స్థిరమైన సంబంధం ఉన్న డిపాజిట్ సొమ్ములో ఒత్తిడి కాలంలో 5 శాతం బయటకు పోతుందని లెక్కవేస్తాం. హామీ దాటిన సొమ్ముకు సాధారణంగా 10 శాతం వేస్తాం. ఒక ఖాతాలో లక్ష పౌండ్లు ఉన్నాయనుకోండి. పాత పరిమితి ప్రకారం 85,000 మీద 4,250, మిగిలిన 15,000 మీద 1,500, మొత్తం 5,750 పౌండ్లు పోతాయని చూపేవాళ్లం. కొత్త పరిమితి ప్రకారం 5,000 చాలు. ఒక్క ఖాతాకు 750 పౌండ్ల తేడా వచ్చింది. అటువంటి ఖాతాలు లక్షల్లో ఉంటే ఎల్‌సీఆర్ నిష్పత్తే కదులుతుంది.

ఒక అంకె మార్చడానికి అధిపతి ఎందుకని మీకు అనిపించవచ్చు. మా దగ్గర ఆ 85,000 అనే అంకె మూడు చోట్ల ఉందని తేలింది: డిపాజిట్లను వర్గీకరించే ప్రధాన ప్రోగ్రాములో ఒకటి, ట్రెజరీ వారు ముందస్తు అంచనాకు వాడే పరికరంలో ఒకటి, ఎప్పుడో కొన్న ఒక చిన్న వ్యాపారం ఖాతాల కోసం నడుస్తున్న ఎక్సెల్ మాక్రోలో ఒకటి. మూడోది రాసిన మనిషి ఉద్యోగం మానేసి ఎన్నాళ్లయిందో ఎవరికీ గుర్తులేదు. అదంతా వెతికి పట్టుకోవడం తేలికైన సగమే. కష్టమైన సగం వేరే ఉంది. హామీ ఖాతాకు వర్తించదు, మనిషికి వర్తిస్తుంది. అదీ ఒక లైసెన్సు కింద ఉన్న బ్యాంకు మొత్తానికి కలిపి వర్తిస్తుంది. ఒక ఖాతాదారుకు రోజువారీ ఖాతాలో 70,000, పొదుపు ఖాతాలో 60,000 ఉంటే మొత్తం 1,30,000 అవుతుంది. హామీ దాటిన ఆ 10,000 ఏ ఖాతాలోది? ఇద్దరి పేర ఉమ్మడి ఖాతా ఉంటే సగం సగం పంచాలా? ఇల్లు అమ్మిన సొమ్ము తాత్కాలికంగా వచ్చి పడితే దానికి వేరే పరిమితి ఉంది కదా, దాన్ని మన వ్యవస్థ గుర్తించగలదా? ఇటువంటి ప్రశ్నలకు నిబంధన అన్నిసార్లూ అక్షరం అక్షరం సమాధానం చెప్పదు. బ్యాంకు ఒక మార్గం ఎంచుకుని, ఎందుకు ఎంచుకుందో రెండు పేజీల్లో రాసిపెట్టుకోవాలి. మూడేళ్ల తరువాత ఆడిటరు వచ్చి అడిగినప్పుడు ఆ రెండు పేజీలు ఉంటే అది నిర్ణయంగా నిలుస్తుంది, లేకపోతే తప్పుగా లెక్కకు వస్తుంది.

మీ రెండో సందేహానికి వస్తాను. 2016 మార్చి నుంచి బ్రిటన్‌లో సీనియర్ మేనేజర్ల విధానం అమల్లో ఉంది. రెగ్యులేటరీ రిపోర్టింగ్ తయారీ, దాని విశ్వసనీయత అనేది పేరుపెట్టి ఒక సీనియర్ మేనేజరుకు అప్పగించవలసిన బాధ్యత. సాధారణంగా అది ముఖ్య ఆర్థిక అధికారి దగ్గర ఉంటుంది. మీ కుర్చీకి ఆ భారం నేరుగా రాదు. అయితే ఆయన సంతకం పెట్టే ముందు తన కింది వారందరి దగ్గర సంతకాలు తీసుకుంటారు. మీ సంతకం ఆ గొలుసులో ఒక కొలికి. అది ఎంత బరువైనదో తెలుసుకోవాలంటే బహిరంగంగా ఉన్న రెండు ఉత్తర్వులు చదవండి. 2019 నవంబరులో సిటీ గ్రూపు బ్రిటన్ సంస్థలకు పీఆర్‌ఏ (బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్‌లో బ్యాంకులను నియంత్రించే విభాగం) 4.39 కోట్ల పౌండ్ల జరిమానా వేసింది. 2014 నుంచి 2018 వరకు పంపిన రిటర్నులు అసంపూర్ణంగా, తప్పులతో ఉన్నాయన్నది అభియోగం. 2021 డిసెంబరులో స్టాండర్డ్ చార్టర్డ్‌కు 4.655 కోట్ల పౌండ్లు వేసింది. డాలరు లిక్విడిటీ కొలమానంలో 2018, 2019 సంవత్సరాల మధ్య దొర్లిన ఐదు తప్పులు అందులో ప్రస్తావనకు వచ్చాయి. ఆ రెండు ఉత్తర్వుల్లోనూ లెక్క తప్పడం కంటే దాన్ని పట్టుకునే ఏర్పాటు బలహీనంగా ఉండడం మీదే ఎక్కువ రాశారు. ఆ రెండో ఉత్తర్వులో తప్పు తెలిశాక నియంత్రణ సంస్థకు వెంటనే చెప్పకపోవడం కూడా ఒక ఉల్లంఘనగానే నిలిచింది.

బాసెల్ 3.1 గురించి ఒక్క మాట. ఆ అమలు తేదీ మొదట 2025 జనవరి అన్నారు, తరువాత 2025 జులై అన్నారు, ఆ తరువాత 2026 జనవరి, ఇప్పుడు 2027 జనవరి. తేదీ వెనక్కి వెళ్లిన ప్రతిసారీ యాజమాన్యానికి ఊపిరి అందింది, మా బృందానికి మాత్రం ఊపిరి ఆగింది. ఎందుకంటే తేదీ వెనక్కి జరగగానే కాంట్రాక్టు నిపుణులను పంపించివేశారు, వారి తలలో ఉన్న జ్ఞానం వారితోనే వెళ్లిపోయింది. మళ్లీ తెచ్చుకున్న కొత్తవారు మొదటి పేజీ నుంచి చదవడం మొదలుపెట్టారు. రాసిపెట్టిన నిర్ణయాల గురించి నేను ఇంత చాదస్తంగా మాట్లాడడానికి కారణం అదే.

పెన్షనర్_గాంధీనగర్:

అమ్మా, నేను ఒక ప్రభుత్వరంగ బ్యాంకులో 36 ఏళ్లు పనిచేసి, చివరి తొమ్మిదేళ్లు ముంబయి కేంద్ర కార్యాలయంలో రిజర్వు బ్యాంకు రిటర్నులు చూసే విభాగంలో ఉండి, విజయవాడలో విశ్రాంతి తీసుకుంటున్నవాణ్ని. మీ పని బ్రిటన్ నిబంధనల మీద, నా అనుభవం మన దేశపు నిబంధనల మీద. అయినా రోగం ఒకటే కనుక నాకు తోచింది రాస్తున్నాను. పైన తెనాలి వారు చెప్పినదానితో నేను చాలావరకు ఏకీభవిస్తాను గాని, ఒక చోట విభేదిస్తాను. నిబంధనకు అర్థం చెప్పుకోవడం ముఖ్యమని వారు అన్నారు. నా అనుభవంలో అర్థం తెలిసిపోయిన నిబంధనలే ఎక్కువ ఏడిపించాయి, ఎందుకంటే అవసరమైన సమాచారం బ్యాంకులో పుట్టే చోటే లేకుండా పోయింది.

రిజర్వు బ్యాంకు 2025 ఏప్రిల్‌లో ఎల్‌సీఆర్ నిబంధనలను సవరించింది. ఇంటర్నెట్ బ్యాంకింగ్, మొబైల్ బ్యాంకింగ్ సదుపాయం ఉన్న రిటైల్, చిన్న వ్యాపారుల డిపాజిట్ల మీద అదనంగా 2.5 శాతం రన్-ఆఫ్ (ఒత్తిడి కాలంలో బయటకు పోతుందని లెక్కవేసే వాటా) వేయాలన్నారు. 2026 ఏప్రిల్ 1 నుంచి అమలు. చదివితే చిన్నపిల్లవాడికి కూడా అర్థమవుతుంది. స్థిరమైన డిపాజిట్టుకు 5 బదులు 7.5, మిగిలినదానికి 10 బదులు 12.5. ఇప్పుడు కోర్ బ్యాంకింగ్‌లో ఒక డిపాజిట్ ఖాతా తెరిచి చూడండి. పేరు, చిరునామా, వడ్డీరేటు, నామినీ అన్నీ ఉంటాయి. మొబైల్ యాప్ నమోదు వివరం చాలా చోట్ల వేరే వ్యవస్థలో, అదీ ఖాతాదారు సంఖ్య మీద ఉంటుంది గాని ఖాతా సంఖ్య మీద ఉండదు. ఒక పెద్దాయన అయిదేళ్ల క్రితం కొడుకు బలవంతం మీద యాప్ పెట్టించుకుని, ఆ ఫోను పోగొట్టుకుని, మళ్లీ ఎప్పుడూ వాడలేదు. ఆయన ఫిక్స్‌డ్ డిపాజిట్ సదుపాయం ఉన్నదా, లేనిదా? వాడకం గురించి నిబంధన మాట్లాడలేదు, సదుపాయం గురించి మాట్లాడింది. అర్థంలో తికమక లేదు. ఆ జవాబు దొరికే గడి ఏ పట్టికలోనూ లేదు. అటువంటి గడిని పుట్టించి, శాఖల చేత నింపించి, నింపినది నిజమని తేల్చుకోవడం మీరు చేపట్టబోయే పనిలో పెద్ద వాటా అవుతుంది.

ఇంకొక ముచ్చట. రిజర్వు బ్యాంకు చట్టం 42వ సెక్షన్ కింద నగదు నిల్వల రిటర్ను పక్షానికి ఒకసారి పంపేవాళ్లం. పక్షం అంటే మాకు తిథులతో సంబంధం లేదు. శనివారం మొదలై రెండో శుక్రవారం ముగిసే 14 రోజులు. రిపోర్టింగ్ శుక్రవారం అనే మాట బ్యాంకుల్లో తరతరాలుగా ఉంది. ఆ శుక్రవారం పెళ్లి పెట్టుకుంటే మా మేనేజరు శుభలేఖ కూడా తీసుకునేవారు కాదు. 2025 నాటి బ్యాంకింగ్ చట్టాల సవరణతో పక్షం నిర్వచనమే మారింది: నెల 1 నుంచి 15 వరకు ఒకటి, 16 నుంచి నెలాఖరు వరకు మరొకటి. చట్టంలో అది రెండు పంక్తులు. బ్యాంకు వ్యవస్థల్లో అది ఎంత లోతుకు పాతుకుపోయిందో ఆలోచించండి. రోజువారీ నిల్వల సగటు తీసేటప్పుడు ఎక్కడెక్కడ 14 చేత భాగించారో అక్కడంతా ఇక రోజుల సంఖ్యను అడిగి తెచ్చుకోవాలి, ఎందుకంటే ఫిబ్రవరి రెండో పక్షం 13 రోజులే ఉండవచ్చు, మార్చి రెండో పక్షం 16 రోజులు ఉంటుంది. శుక్రవారం సాధారణంగా పనిదినం. 15వ తేదీ, నెలాఖరు ఆదివారం పడవచ్చు, పంద్రాగస్టు పడితే సెలవే. పైగా అన్ని రిటర్నులూ శుక్రవారాన్ని వదిలిపెట్టలేదు. అయిదు కోట్ల రూపాయలు, అంతకు మించిన రుణాల ఎగవేతలను క్రిల్క్‌కు (రిజర్వు బ్యాంకు నడిపే పెద్ద రుణాల సమాచార కేంద్రానికి) ప్రతి శుక్రవారం తెలియజేసే వారపు నివేదిక వేరే ఉత్తర్వు కింద నడుస్తుంది. కాబట్టి శుక్రవారం కనిపించిన ప్రతి చోటా కొట్టివేయమని ప్రోగ్రామరుకు చెబితే మరో తప్పు తలెత్తుతుంది.

నేను స్వయంగా చేసిన ఒక పొరపాటు కూడా చెబుతాను. బ్యాంకు పేరు అనవసరం. డిపాజిటర్ల వర్గీకరణలో కొత్త కోడ్ ఒకటి వచ్చినప్పుడు కేంద్ర కార్యాలయంలో కూర్చుని శాఖలన్నింటికీ చక్కని సర్క్యులర్ పంపి, పని అయిపోయిందనుకున్నాను. మూడు త్రైమాసికాల తరువాత తనిఖీలో చూస్తే, హౌసింగ్ సొసైటీల ఖాతాలు వందల సంఖ్యలో వ్యక్తుల కింద ఉన్నాయి. ఎందుకని ఒక శాఖకు వెళ్లి కౌంటరు వెనుక నిలబడి చూశాను. ఖాతా తెరిచే తెరమీద కోడ్‌ల జాబితా అక్షరక్రమంలో ఉంది, వ్యక్తి అనే కోడ్ ముందే ఎంపికై ఉంది, దాన్ని మార్చాలంటే నాలుగుసార్లు కిందకు జరపాలి, కౌంటరు ముందు పన్నెండు మంది నిలబడి ఉన్నారు. ఆ అమ్మాయి తప్పేమీ లేదు. నా సర్క్యులర్ ఆ తెరను మార్చలేదు. అక్కడ నిలబడి చూడకపోతే నేను ఆ శాఖకు మరొక ఘాటైన సర్క్యులర్ రాసేవాణ్నే.

రిజర్వు బ్యాంకు 2023 జూన్‌లో సిమ్స్ అనే కొత్త సమాచార వ్యవస్థను ఆరంభించింది. 2024 ఫిబ్రవరిలో పర్యవేక్షక రిటర్నులన్నింటికీ కలిపి ఒకే మాస్టర్ డైరెక్షన్ ఇచ్చింది. దారి బాగుపడింది, బండిలో ఎక్కించే సరుకు మాత్రం శాఖలో పుట్టినదే.

మ్యాపింగ్_మేస్త్రి:

పెద్దలిద్దరూ పని గురించి చెప్పారు, నేను పదవి గురించి చెబుతాను. నేను ఇటువంటి అధిపతుల కింద బిజినెస్ అనలిస్టుగా పదేళ్లు పనిచేశాను, నలుగురిని చూశాను. అందులో ముగ్గురు రెండేళ్లు తిరగకుండా వెళ్లిపోయారు. వారికి తెలివి తక్కువై కాదు. గడువు వారిది, డబ్బు మరొకరిది, సమాచారం ఇంకొకరిది. ఈ మూడింటిలో ఒక్కటైనా మీ చేతిలో లేకపోతే మీరు సమావేశాలకు పిలిచే మనిషిగా మిగిలిపోతారు.

కాబట్టి అడగవలసిన ప్రశ్నలు ఇవి. గత రెండేళ్లలో సరిచేసి మళ్లీ పంపిన రిటర్నులు ఎన్ని, వాటికి కారణాలేమిటి? ప్రతి త్రైమాసికంలో చేత్తో వేసే సర్దుబాట్లు (వ్యవస్థ ఇచ్చిన అంకెను మనుషులు దిద్దేవి) ఎన్ని, వాటిలో అన్నిటికంటే పాతది ఎప్పటిది? సమాచారం తప్పుగా ఉందని మీరు రుజువు చేస్తే దాన్ని తన సొంత ఖర్చుతో సరిచేయవలసిన అధికారి ఎవరు? ఇక చివరిది, మార్పు సిద్ధంగా లేదని మీరంటే అమలును ఆపే హక్కు మీకు ఉందా? ఈ నాలుగింటికి కాగితం మీద జవాబులు ఇవ్వకుండా, వచ్చాక చూద్దాం అంటే, నా సలహా ఒప్పుకోవద్దని. జీతం పెరగవచ్చు, ఆ పెరిగిన జీతం దేనికో కూడా తెలియాలి కదా.

అంతర్జాతీయ స్థాయిలో పరిస్థితి ఎలా ఉందో కూడా చూసుకోండి. రిస్కులకు సంబంధించిన సమాచారాన్ని బ్యాంకులు ఎలా సేకరించి నివేదించాలో చెప్పే 14 సూత్రాలను, బ్యాంకులకు అంతర్జాతీయ ప్రమాణాలు రూపొందించే బాసెల్ కమిటీ 2013 జనవరిలో ప్రకటించింది. అతిపెద్ద బ్యాంకులు 2016 నాటికి వాటిని పూర్తిగా పాటించాలన్నది లక్ష్యం. 2023లో అదే కమిటీ పరిశీలిస్తే 31 బ్యాంకుల్లో రెండే పూర్తిగా పాటిస్తున్నాయని తేలింది. అంటే మీకు అప్పగించేది సగం కట్టిన ఇల్లు. పునాది ఎవరిదో అడిగి వెళ్లండి.

నెలాఖరు_అమ్మాయి:

ముగ్గురికీ కృతజ్ఞతలు. మేస్త్రి గారి నాలుగు ప్రశ్నలను కాగితం మీద రాసుకుని వెళ్లి అడిగాను. మొదటి రెండింటికి అప్పటికప్పుడే జవాబు వచ్చింది, అందుకు వారిని మెచ్చుకోవాలి. చేత్తో వేసే సర్దుబాట్లు 61 ఉన్నాయి. వాటిలో 19 రెండేళ్లు దాటినవి. పాతవాటిలో ఒకటి నేనే మొదలుపెట్టిందని జాబితా చూశాక గుర్తుకొచ్చింది. ఒక్క నెలకే అనుకుని వేశాను, అది అలాగే ఉండిపోయింది. మూడో ప్రశ్నకు జవాబు నీళ్లు నమిలినట్లుగా వచ్చింది. నాలుగోదాని మీద అరగంట వాదన జరిగింది. చివరకు రెండు నెలలపాటు పాత లెక్క, కొత్త లెక్క పక్కపక్కనే నడిపి, తేడాలన్నింటికీ నా సంతకం పడితే తప్ప ఏ మార్పునూ అమలు చేయరాదని పదవి నిబంధనల్లో చేర్చడానికి ఒప్పుకున్నారు. గాంధీనగర్ బాబాయిగారూ, మీ కౌంటరు ముచ్చట చదివాక, చేరిన మొదటి నెలలో లండన్ కార్యాలయంతో పాటు ఒక బ్రాంచిలో కూడా రెండు రోజులు కూర్చోనివ్వాలని అడిగాను. అదీ ఒప్పుకున్నారు, కాస్త వింతగా చూశారు.

తెనాలి వారికి ఒక ప్రశ్న. అలా పక్కపక్కనే నడిపినప్పుడు పాత అంకెకు, కొత్త అంకెకు మధ్య తేడా ఎంతవరకు ఉంటే సరేననాలి? మా వాళ్లు ఒక శాతం లోపు ఉంటే వదిలేద్దామంటున్నారు.

థేమ్స్‌ఒడ్డు_తెనాలి:

శాతం పెట్టుకోకండి. తేడా ఎంత అన్నదాని కంటే ఎందుకు అన్నది అడగండి. నిబంధన మారింది కాబట్టి తేడా రావలసిందే. ఎంత రావాలో ముందే లెక్కవేసి కాగితం మీద రాసుకుని, ఆ తరువాతే రెండు అంకెలను పక్కన పెట్టి చూడాలి. పైన చెప్పిన డిపాజిట్ హామీ మార్పుకు మేము అలాగే చేశాం: కొత్త పరిమితి వల్ల అవుట్‌ఫ్లో (బయటకు పోతుందని లెక్కవేసే సొమ్ము) ఎంత తగ్గాలో ఖాతాదారుల నిల్వలను శ్రేణులుగా విడగొట్టి విడిగా అంచనా వేసుకున్నాం. వచ్చిన తేడా ఆ అంచనాకు దగ్గరగా ఉంటే అప్పుడు మిగిలిన చిల్లర గురించి మాట్లాడుకోవచ్చు.

ఒక శాతం అనే గీత ఎందుకు ప్రమాదమో మాకు ఒక నెల నేర్పింది. పట్టిక మొత్తం మీద తేడా 0.2 శాతం మాత్రమే వచ్చింది, అందరూ చప్పట్లు కొట్టారు. మా బృందంలో కొత్తగా చేరిన ఒక అబ్బాయి మాత్రం వరుసలు విడదీసి చూస్తే, ఉమ్మడి ఖాతాలకు పరిమితిని ఒక్కరికే ఇవ్వడం వల్ల అవుట్‌ఫ్లో పెరిగింది, మరోచోట ఒకే మనిషి రెండు ఖాతాలకు రెండుసార్లు పరిమితి ఇవ్వడం వల్ల దాదాపు అంతే తగ్గింది. రెండు తప్పులు ఒకదాన్నొకటి కప్పుకుని కూర్చున్నాయి. కాబట్టి మొత్తం మీద కాకుండా వరుస వరుసకీ, వీలైతే ఖాతాల వర్గం వర్గానికీ పోల్చమని మీ వాళ్లకు చెప్పండి. రెండు నెలల్లో ఒకటి త్రైమాసికం ముగిసే నెల అయ్యేటట్లు చూసుకోండి. నెలవారీ రిటర్నులో కనబడని తేడాలు కొన్ని త్రైమాసిక పట్టికల్లోనే బయటపడతాయి. మీరు మొదలుపెట్టిన ఆ పాత సర్దుబాటు సంగతి కూడా అప్పుడే తేల్చేయండి, ఎందుకంటే కొత్త లెక్కలో ఆ సమస్య ఎప్పుడో సరయిపోయి, సర్దుబాటు మాత్రం ఇంకా పడుతూ ఉండవచ్చు.